స్టేటస్ చూసినవాళ్లు

మా చుట్టాల్లో ఎవరిదైనా పుట్టినరోజు అయితే కేకు కొయ్యకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. ఫోన్‌లో స్టేటస్ పెట్టకపోతే మాత్రం ఊరుకోరు. పెండ్లిరోజు, గృహప్రవేశం, కొత్త ట్రాక్టరు, పిల్ల పదో తరగతి పాసవడం, ఆఖరికి బోరులో నీళ్లు పడటం, అన్నిటికీ ఫొటో పెట్టి కింద నాలుగు ముక్కలు రాయాల్సిందే. ఒక్కరోజు ఉండి దానంతట అదే మాయమైపోయే దానికి ఇంత పట్టింపేమిటని ఒకసారి మా మేనత్తతో వాదించాను. ఆమెను మహారాష్ట్ర సరిహద్దులో డోంగ్లి వైపు ఇచ్చారు. మాటల్లో ఎవరికీ లొంగదు. "అన్నం గూడ తెల్లారేసరికి అరిగిపోతది. మరి పెట్టకుంటె ఊకుంటమా?" అంది.

ఈ స్టేటస్‌ల శాఖకు మా ఇంట్లో మంత్రిని నేను. ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ దించడం లేదు. నేను బడిలో సైన్సు చెబుతాను, తెలుగు తప్పుల్లేకుండా టైపు చేస్తాను, ఫొటోలకు పూల అంచులు అతికించే యాప్ నా ఫోన్‌లో ఉంది. ఇంతకన్నా అర్హత ఏం కావాలి? సాయంత్రమయ్యేసరికి ఫొటోలు వచ్చిపడతాయి. రంగు కాస్త తెలుపు చేయమని ఒకరు, బట్టతల మీద వెలుగు తగ్గించమని ఇంకొకరు. పోచారం చెరువు కట్ట మీద దిగిన ఫొటోకు వెనుక మంచుకొండలు పెట్టమన్నాడు ఒక మామ. పెట్టాను. ఆ తర్వాత వారం రోజులు జనం ఆయన్ని కాశ్మీరు ఎప్పుడు పోయావని అడిగారు. ఆయన పోలేదని ఒక్కరితోనూ అనలేదు.

ఇది కాక నాకు సొంత దుకాణం ఒకటుంది. మేముండేది కామారెడ్డిలో, నా ఉద్యోగం ఎల్లారెడ్డిలో. రోజూ పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. కిటికీ పక్క సీటు దొరికితే ఫేస్‌బుక్‌లో నాలుగు వాక్యాలు రాస్తాను, దొరక్కపోతే ఎనిమిది వాక్యాలు రాస్తాను, ఎందుకంటే అప్పుడు కోపంగా ఉంటాను. తెల్లవారుజామునే గులాబీ పువ్వుతో గుడ్ మార్నింగ్ పంపేవాళ్లకు నిద్ర పట్టడం లేదని, వాళ్లకు తిరిగి గులాబీ కాదు, మంచి డాక్టరు ఫోన్ నంబరు పంపాలని రాశాను. ఇద్దరు హీరోల అభిమానులు బస్సులో లింగంపేట దాకా కొట్టుకున్నంత పని చేశారు. ఆ రోజే ఆ హీరోలిద్దరూ ఎవరి పెండ్లిలోనో భుజాలు రాసుకుని బిర్యానీ తింటున్న ఫొటో వచ్చింది. అది కూడా రాశాను. వయసు తగ్గించే ఫిల్టరులో మా అవ్వకు తన ముఖమే చూపిస్తే, గుర్తుపట్టక, "ఎవలే ఈ పిల్ల? మంచిగున్నది, మనోళ్లేనా? సంబంధం చూస్తున్నరా?" అంది. ఆ ఒక్క పోస్టుకు వచ్చిన నవ్వుల గుర్తులు నా పెండ్లి ఫొటోకు కూడా రాలేదు.

మా ప్రాంతంలో అవ్వ అంటే అమ్మ, బాపు అంటే నాన్న. వాళ్లిద్దరూ లింగంపేటకూ ఎల్లారెడ్డికీ మధ్య రోడ్డు పక్క ఊళ్లోనే వ్యవసాయం చేస్తారు. నేనెక్కిన బస్సు రోజూ వాళ్ల పొలం ముందు నుంచే వెళుతుంది. బాపుది మీటల ఫోన్. ఎవరైనా చేస్తే ఎత్తడానికి తప్ప దాన్ని ముట్టుకోడు. పెద్ద ఫోన్ అవ్వది. కాని పొద్దున చాయ్ తాగుతూ అవ్వ ఫోన్‌లో అందరి స్టేటస్‌లూ చూసేది బాపే. ఎవరో దేశంకాని దేశంలో కూర్చుని ఒక పళ్లెం తర్వాత ఇంకో పళ్లెం తింటూ ఉండే వీడియో చూసి, "గీయన పనికెప్పుడు పోతడు?" అని నిజంగానే దిగులుపడ్డాడు. అదీ రాశాను. మా ఇంట్లో వాళ్లు మాట్లాడుతున్నంత కాలం నాకు సొంత తెలివి అక్కర్లేదు.

ఒక్క విషయం మాత్రం ఎన్నడూ రాయలేదు. రాస్తే నా గుట్టే బయటపడుతుంది కాబట్టి. మా బాపూ, ఆయన అన్న అయిన మా పెద్దబాపూ ఆరేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. దానికి కారణం నా పెండ్లికి కట్టిన ఫ్లెక్సీ.

ఫ్లెక్సీ అంటే మా దగ్గర వట్టి గుడ్డ కాదు, ఎవరి స్థానం ఎక్కడో చెప్పే పత్రం. పైవరసలో ఎవరి ఫొటో ఉంది, కిందివరసలో ఎవరిది, ఎవరి ముఖం పళ్లెమంత ఉంది, ఎవరిది రూపాయి బిళ్లంత ఉంది, వచ్చినవాళ్లు అన్నానికంటే ముందు అదే చూస్తారు. షాపువాళ్లు చేసే ఫ్లెక్సీలు గాజుల దుకాణంలా ఉంటాయని, నా పెండ్లి ఫ్లెక్సీ నేనే చేస్తానని పట్టుబట్టి చేశాను. పెద్దబాపు కరెంటు లైన్‌మన్. ఆయన పంపిన ఫొటో ఎప్పటిదో గుర్తింపు కార్డు మీద ఉన్నది. పెద్దది చేస్తే ముఖం పేలాల్లా విడిపోయింది. మగపెండ్లివారి తరఫు ఒకాయన ఫొటో మాత్రం నిగనిగలాడుతూ ఉంది. నాకు అందం ముఖ్యం. ఆయన్ని పైన పళ్లెమంత పెట్టి, మా పెద్దబాపును అట్టడుగున, ఫంక్షన్ హాలు దారి చూపించే బాణం గుర్తు పక్కన బిళ్లంత పెట్టాను. ఫొటో ఎంత స్పష్టంగా ఉంటే అంత గౌరవం ఇచ్చిన మహాతల్లిని నేను.

పెద్దబాపు వచ్చి, ఫ్లెక్సీ ముందు కొంచెంసేపు నిలబడి, అక్షింతలు వేసి, అన్నం తినకుండా వెళ్లిపోయాడు. బాపు వెనకాలే గేటు దాకా పరుగెత్తాడు. "నా మొకం గింతే కనవడ్డదా నీకు?" అని పెద్దబాపు అడిగాడట. బాపు, "గంతే కనవడ్డది" అన్నాడట. ఆ మాట ఎందుకన్నావని తర్వాత అవ్వ ఎంత అడిగినా చెప్పలేదు. ఫ్లెక్సీ చేసింది నేనని బాపుకు తెలుసు. నాకూ తెలుసు. పెండ్లిబట్టల్లో ఉన్నాను కాబట్టి ఆ రోజు నోరు మెదపలేదు. తర్వాత మెదపకపోవడానికి మాత్రం ఏ సాకూ లేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఆరేళ్లు గడిపాను. పెద్దబాపు ఇల్లు కామారెడ్డిలోనే, మా వీధికి రెండు వీధుల అవతల. పండక్కీ పబ్బానికీ వెళ్లేదాన్ని. ఆయన నాతో ఎప్పటిలాగే ఉండేవాడు. ఒక్కసారీ ఆ ఊసు ఎత్తలేదు.

ఈ ఏడాది పెద్దబాపు రిటైరయ్యాడు. ఆదివారం పొద్దున సన్మానం చేశారు. దీపం వెలిగించారు, శాలువా కప్పారు, మోకాళ్ల దాకా వచ్చే బంతిపూల దండ వేశారు. ఎన్నో గాలివానల్లో స్తంభాలెక్కిన మనిషి దండ బరువుకు కొంచెం వంగి నిలబడి, తలుపు వైపు చూస్తూ ఉన్నాడు. బాపుకు పిలుపు పోలేదు, పిలవకుండానే వస్తాడేమోనని ఆయన ఆశ. బాపు రాలేదు. నేను ఫొటోలు తీశాను.

సోమవారం పొద్దున బస్సులో కూర్చుని స్టేటస్ తయారుచేశాను. ఈసారి పెద్దబాపుకు ఏ లోటూ రాకూడదని గట్టిగా అనుకున్నాను. పక్కనున్నవాళ్లందరినీ కత్తిరించి పారేసి, తెర మొత్తం ఆయన ఒక్కడే నిండేలా చేశాను. హాలులో లైట్ల వల్ల ముఖం నీలంగా పడింది. అందుకని ఫొటోను నలుపు తెలుపు చేశాను. అలా చేస్తే ఒక హుందాతనం వచ్చింది. దండ ఉంది, పక్కన వెలుగుతున్న దీపం ఉంది, ఆయన చూపు ఎక్కడో దూరంగా ఉంది. పూల అంచు కూడా అతికించాను. ఫొటో ఒకటి, దాని వెనకే "పదవీ విరమణ శుభాకాంక్షలు" అని రాసిన పలక ఒకటి, రెండూ ఒకదాని తర్వాత ఒకటి పంపాను. తాడ్వాయి దాటాక సిగ్నల్ పోయింది. ఫొటో వెళ్లింది, పలక వెళ్లలేదు. అది నేను చూసుకోలేదు. ఒక మంచిపని చేసిన తృప్తితో కిటికీకి తల ఆనించి హాయిగా నిద్రపోయాను.

ఎల్లారెడ్డిలో దిగి ఫోన్ చూస్తే అది ఆగకుండా మోగుతోంది. మెసేజ్‌లు ఎన్ని ఉన్నాయో చూడటానికే భయమేసింది. మొదటిది తెరిచాను. ఓం శాంతి. రెండోది, ఓం శాంతి. మూడోవాళ్లు చేతులు జోడించిన బొమ్మలు పదకొండు పెట్టారు. ఆ బొమ్మను మా వాళ్లు దండానికీ, క్షమాపణకూ, ఓట్లు అడగడానికీ, చావుకూ ఒకేలా వాడతారు కాబట్టి వెంటనే అర్థం కాలేదు. సరిహద్దు దగ్గరి మద్నూర్ నుంచి, పెద్దబాపు భార్య మా పెద్దమ్మ వైపు చుట్టం మరాఠీలో శ్రద్ధాంజలి రాశాడు. ఇంకొకరు నా ఫొటోను తన స్టేటస్‌గా పెట్టుకుని, కింద రెండు కొవ్వొత్తులు కూడా వెలిగించారు. అప్పుడు నా ఫొటోను నేను మళ్లీ చూశాను. నలుపు తెలుపు ముఖం, మెడలో దండ, పక్కన దీపం. బతికున్న మనిషిని బస్సులో కూర్చుని చక్కగా చంపేశాను.

పెద్దబాపుకు ఫోన్ చేశాను. ఆయనే ఎత్తాడు.

"సచ్చినోడు మాట్లాడుతున్న, చెప్పు" అన్నాడు.

నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆయన ఏడవనివ్వలేదు. పొద్దుటి నుంచి పెద్దమ్మ ఫోన్‌కూ ఆయన ఫోన్‌కూ తీరిక లేదట. పలకరిద్దామని చేసినవాళ్లలో ఈయన గొంతు వినబడగానే ఇద్దరు ఫోన్ పెట్టేశారట, ఒకడైతే దేవుడి పేరు జపించాడట. ఆయనకు కోపం నా మీద లేదు. కోపమంతా సంతాపాల మీద.

"గీడెవడో ఇంగ్లీషుల మూడక్షరాలు రాసి ఊకున్నడు. వాని పెండ్లి నాడు స్తంభమెక్కి కరెంటిచ్చిన. మూడక్షరాలా?" అన్నాడు. "ఇంకొకడు వాళ్ల మామ సచ్చినప్పుడు రాసిందే నాకు గూడ రాసిండు. పేరు సుత మార్వలే."

"ఇప్పుడే తీసేస్తా పెద్దబాపూ" అన్నాను.

"తియ్యకు."

"అదేంది?"

"ఉండనియ్ జరసేపు. ఇంకా రావాల్సినోళ్లున్నరు." తర్వాత వేరే విషయం మాట్లాడుతున్నట్టుగా, "గాని బిడ్డా, గది ఎవలెవలు చూసిన్రో నీకు తెలుస్తదంట గదా?" అన్నాడు.

తెలుస్తుంది. స్టేటస్ కింద కన్ను గుర్తు నొక్కితే చూసినవాళ్ల పేర్లూ, చూసిన సమయాలూ వస్తాయి. ఆయన ఎవరి కోసం అడుగుతున్నాడో కూడా తెలిసింది. అంతసేపూ ఏడుపులో ఉన్నదాన్ని అప్పుడు నిజంగా భయపడ్డాను. పేర్లన్నీ జరుపుతూ పోయాను. అడుగున, అందరికన్నా ముందు చూసినవాళ్లలో, అవ్వ ఫోన్ ఉంది.

"అవ్వ ఫోన్‌ల చూసిన్రు" అన్నాను.

"ఎంతసేపాయె?"

"గంట దాటింది."

వెనుక పెద్దమ్మ ఎవరికో, లేదు లేదు మంచిగున్నడు అని చెబుతోంది. చివరికి పెద్దబాపు, "చూసిండు గద. సరే, తీసెయ్ ఇగ" అన్నాడు. అప్పటిదాకా ఆ గొంతులో ఉన్న హుషారు ఒక్క మాటతో పోయింది. ఫోన్ పెట్టేశాడు.

ఆ మాటకు నాకు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు. ఫొటో తీసేశాను. "మా పెద్దబాపు క్షేమంగా ఉన్నారు, జరిగిన పొరపాటుకు క్షమించండి" అని రాసి పెట్టాను. దానికి కూడా ఒకతను ఓం శాంతి అని జవాబిచ్చాడు. ఇలాంటి వాళ్లు చదవరు, అక్షరాలు కనబడగానే వేలు దానంతట అదే కదులుతుంది. వాళ్ల మీద ఒక పోస్టు రాయాలని అంత బాధలోనూ అనిపించింది. నా బుద్ధి అలాంటిది.

తర్వాత అవ్వకు చేశాను. ఆమె పొద్దుటి నుంచి నాకు చేస్తూనే ఉందట.

"మీ బాపు ఆ ఫొటో చూసుడు చూసుడే చాయ్ గిలాస కింద పెట్టిండే" అంది ఏడుస్తూ. "ఒక్క మాట అనలే. అంగి తొడుక్కుంట తొడుక్కుంటనే రోడ్డు మీదికి ఉరికిండు. కామారెడ్డి బస్సు దొరికింది. నేను గూడ వస్తనంటె ఆగలే. ఫోన్ గీన్నే పెట్టిపోయిండు."

నేను ఎల్లారెడ్డికి వస్తున్నప్పుడు ఎదురుగా పోయిన బస్సుల్లో ఒకదానిలో మా బాపు ఉన్నాడన్నమాట. నేను నిద్రపోతున్నాను, ఆయన చచ్చిపోయిన అన్న దగ్గరికి పోతున్నాడు. అవ్వకు అసలు సంగతి చెప్పాను. ఆమె నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, అన్నీ సరైనవే. పెద్దబాపుకు మళ్లీ చేస్తే ఎప్పుడు చేసినా బిజీ. మా ఆయన డ్యూటీ మీద ఊళ్లో లేడు. బడికి సెలవు చెప్పి, వచ్చిన బస్సే వెనక్కి తిరిగితే అందులోనే ఎక్కాను.

దారి పొడవునా ఒకటే ఆలోచన. బాపు ఆ ఇంటికి చేరి, అన్న బతికే ఉన్నాడని చూస్తే ఏమవుతుంది? సంతోషపడతాడని మీరనుకోవచ్చు. మా బాపు మీకు తెలియదు. తనను రప్పించడానికి అన్న నాటకమాడాడని అనుకుంటాడు. ఒకసారి అలా అనుకుని గుమ్మం దిగాడంటే ఈ జన్మకు మళ్లీ ఎక్కడు. ఆరేళ్ల మౌనం ఎలాగోలా తీరేదేమో, ఇప్పుడది ఎప్పటికీ తీరకుండా నేనే చేశాననిపించింది.

పరుగెత్తుకుంటూ పెద్దబాపు ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో ఇరవైమంది దాకా ఉన్నారు. ఏడవడానికి వచ్చినవాళ్లకు ఏం చేయాలో తోచక పెద్దమ్మ చాయ్ ఇచ్చింది, ఉప్మా కూడా చేస్తోంది. డోంగ్లి మేనత్త జీపు మాట్లాడుకుని వచ్చింది. వీధి మొదట్లో ఎత్తుకున్న ఏడుపు గేటు దగ్గర అన్నను చూసి ఆపిందట. కాని దారంతా కూడబెట్టుకున్న దుఃఖం ఎక్కడికి పోతుంది? అది కోపంగా మారి నా కోసం కాచుకుని ఉంది. "ఇగో వచ్చింది. మనుషులను చంపే పంతులమ్మ" అని నన్ను చూపించింది. పెద్దబాపు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అందరూ నవ్వుతున్నారు, ఆయన కూడా నవ్వుతున్నట్టే ఉన్నాడు. చేతిలో చాయ్ మాత్రం చల్లారి మీగడ కట్టింది.

"బాపు వచ్చిండా?" అని అడిగాను.

"ఎందుకొస్తడు?" అన్నాడు పెద్దబాపు.

ఆ మాట అంటుండగానే బాపు గేటులో కనబడ్డాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి, ఒక అంచు పైకీ ఒక అంచు కిందికీ ఉంది. కాళ్లకు పొలంలో తొడుక్కునే చెప్పులు. ఒక చేతిలో పూలదండ, ఇంకో చేతిలో పేపరులో చుట్టిన బట్టల పొట్లం. మాలో తోడబుట్టినవాడు పోతే తమ్ముడు కొత్త ధోవతి తెచ్చి కప్పాలి. వట్టి చేతులతో రాకూడదు. బాపు ఎప్పుడో కామారెడ్డి చేరాడు. బట్టల దుకాణం ఇంకా తెరవలేదట. షట్టరు ముందు మెట్ల మీద కూర్చుని, తెరిచేదాకా ఉండి, ధోవతి కొనుక్కుని వచ్చాడు. చూసి కూడా రాలేదని పెద్దబాపు ఇక్కడ బాధపడుతున్నప్పుడు, ఆయన రెండు వీధుల అవతల మూసిన దుకాణం ముందు కూర్చుని ఉన్నాడు.

జనం తప్పుకుని దారి ఇచ్చారు. బాపు అన్నను చూశాడు. అన్న చేతిలో చాయ్ గ్లాసును చూశాడు. ఉన్నచోటే, గేటు పక్క నేల మీద కూలబడ్డాడు.

"ఉన్నవా అన్నా" అన్నాడు చివరికి.

"ఉన్న" అన్నాడు పెద్దబాపు.

బాపు ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను నా పెండ్లి అప్పగింతల్లో కూడా చూడలేదు. కొంచెంసేపటికి ముఖం తుడుచుకుని తలెత్తాడు. నేను భయపడ్డ ముఖమే. చుట్టూ చాయ్ తాగుతున్నవాళ్లను ఒక్కొక్కరినే చూశాడు.

"నన్ను రప్పిచ్చెతందుకు గిన్ని ఏశాలా?" అన్నాడు. "నేను బస్సుల ఎట్ల వచ్చిన్నో నీకు తెల్సా? మీరంత కూసొని చాయ్ తాగుతున్రు." దండా పొట్లమూ అక్కడే వదిలేసి లేచి గేటు వైపు తిరిగాడు.

నేను వెళ్లి గేటుకు అడ్డం నిలబడ్డాను. "నేను చేసిన బాపూ. పెద్దబాపుకు తెల్వదు. ఫొటో పోయింది, రాసింది పోలే. నేను బస్సుల పండుకున్న" అన్నాను. బాపు నమ్మినట్టు లేదు. అప్పుడు ఇక దాచడం నా వల్ల కాలేదు. "ఫ్లెక్సీ గూడ నేనే చేసిన పెద్దబాపూ. నీ ఫొటో గంత చిన్నగ పెట్టింది నేను. బాపు కాదు. బాపు దాన్ని చూడనే లేదు."

"నువ్వు నోరు మూసుకో" అన్నాడు బాపు. కోపంతో కాదు, కంగారుతో. ఆరేళ్లు కాపాడిన గుట్టును నేను ఇరవైమందిలో బయటపెట్టేశాను.

పెద్దబాపు గ్లాసు కింద పెట్టాడు. "నాకు తెల్వదా?" అన్నాడు. "ఊళ్లె గసొంటి పూలు, గసొంటి అక్షరాలు ఇది తప్ప ఎవలు పెడ్తరు? ఫ్లెక్సీ ముంగట నిలవడ్డప్పుడే తెల్సు."

"మరి నన్నెందుకడిగినవ్, గంతే కనవడ్డదా అని?" అన్నాడు బాపు.

"పిల్ల చేసింది, తెల్వక చేసిందని ఒక్క మాట అంటవనుకున్న. గట్లంటె లోపటికొచ్చి అన్నం తినేటోన్ని. నువ్వు గంతే అంటివి."

"పెండ్లిపీటల మీద ఉన్న పిల్ల పేరు ఎట్ల చెప్త? మగపెండ్లోళ్లు వింటున్రు."

"గది నాకెట్ల తెలుస్తది?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నన్ను ఎవరూ చూడలేదు. నా పేరు బయటికి రాకూడదని ఒకరు, తమ్ముడే వచ్చి చెప్పాలని ఒకరు, నా కోసమే ఆరేళ్లు ఎడంగా ఉన్నారు. నేను మాత్రం ఆ ఆరేళ్లూ బస్సులో కూర్చుని లోకాన్ని వెక్కిరిస్తూ పోస్టులు రాసుకున్నాను. నాకు అంత చిన్నతనంగా ఎన్నడూ అనిపించలేదు.

మేనత్త ముందు తేరుకుంది. నేల మీది పొట్లం చూపించి, "గిదేం చేస్తరు? సచ్చినోనికి తెచ్చిన బట్ట ఇంటికి వాపస్ తీస్కపోవద్దు" అంది. నిజమే, అలా తీసుకెళ్లే ఆచారం లేదు. దుకాణంలో తిరిగి ఇవ్వడానికీ బాపుకు మనసు రాలేదు. దానం చేయమని ఒకరు, వాగులో వదలమని ఒకరు సలహాలు ఇస్తున్నారు. పెద్దబాపు లేచి పొట్లం తీసుకుని, ఎవరితోనూ ఏమీ చెప్పకుండా లోపలికి పోయాడు. బయటికి వచ్చినప్పుడు ఆ తెల్లటి ధోవతి కట్టుకుని ఉన్నాడు. ఇంకా మడతలు కూడా విడిపోలేదు.

పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "గదేం పని, జర మంచీచెడ్డా లేదా?" అంది.

"సచ్చినోనికి తెచ్చింది బతికినోడు కట్టుకుంటె ఏమైతది? ఇంకింత బతుకుతడు" అన్నాడు పెద్దబాపు. అంచు పట్టుకుని చూసుకుని, "మంచిదే తెచ్చినవ్ తమ్మీ" అన్నాడు. "గాని ఇది ఇప్పుడే కట్టేసుకున్న. నేను నిజంగ పోయిననాడు మల్లొకటి తేవాలె నువ్వు. ఫోన్‌ల చూసి ఊకోవద్దు."

బాపు ముక్కు చీదుకున్నాడు. "అప్పటిదాంక ఎవడాగుతడు?" అన్నాడు. "వచ్చే ఐతారం వస్త. మీ మర్దలును గూడ తీస్కొస్త."

పెద్దబాపు దగ్గరికి వచ్చి, తమ్ముడి చొక్కాకు తప్పుగా పెట్టిన గుండీలు ఒక్కొక్కటే తీసి మళ్లీ సరిగ్గా పెట్టడం మొదలుపెట్టాడు. బాపు చేతులు కిందికి వదిలేసి, చివరి గుండీ దాకా కదలకుండా నిలబడ్డాడు.